సున్నా టికెట్టు

బటను నొక్కితే మిషను గులాబీ నాలుక చాపుతుంది.
మెజెస్టిక్ నుంచి కె.ఆర్.పురం. మహిళ ఒకరు. సున్నా రూపాయలు.
సున్నానైనా చింపే ఇవ్వాలి.
మరిస్తే చెకింగు వాళ్ళు నాకు జరిమానా రాస్తారు,
లేని డబ్బుకి ఉన్న జరిమానా.

కె.ఆర్. సర్కిల్ దాటాక బండి ఆగింది.
ఎవరో మంత్రి లోపలికి పోతున్నాడు, పోలీసు చెయ్యి అడ్డం.
కిటికీ నిండా విధానసౌధ,
పెళ్ళయ్యాక కడిగి బోర్లించిన గుండిగల్లా దాని గుమ్మటాలు.
లోపల ఇవాళ మన బస్సు మీదే వాదనంట, అన్నాడు డ్రైవరు పొన్నప్ప.
ఖజానా ఖాళీ అని ఒక పక్క,
ఆడవాళ్ళు గడప దాటారని ఒక పక్క.
వాళ్ళకి మైకులున్నాయి.
మేం ఇంజను మీదికి గొంతెత్తాలి.

మూడో సీటు పెద్దాయన చిల్లర లెక్కపెట్టి నా అరచేతిలో పోసి
బస్సంతా వినేట్టు అన్నాడు: "ఇది పన్ను మీద పన్ను."
కడ్డీ పట్టుకున్న కుర్రాడు: "మగపుటక పుట్టడమే మా తప్పా?"
గార్మెంట్సు పిల్ల ఒకతి వెనక్కి తిరిగింది.
"మిగిలిన డబ్బుతో ఏం చేసినానో అడగవేం?
పన్ను పీకించుకున్నా. మూడేళ్ళ నొప్పి."
ఎవరూ మాట్లాడలేదు.
సభలో అయితే ఎవరో ఒకరు లేచేవారు.

అప్పుడు రెడ్డెమ్మ కార్డు చాపింది.
ప్లాస్టిక్ అంచులు ఊడి, సిమెంటు పట్టిన కార్డు.
రామకుప్పం మండలం, చిత్తూరు జిల్లా.
పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ఇసక జల్లిస్తోంది,
బెన్నిగానహళ్ళి మెట్రో స్తంభాల్లో ఆమె మోసిన కంకర ఉంది.
కార్డుకి అవేమీ తెలియవు.

"ఇది చెల్లదక్కా" అన్నాను, తెలుగులో.
తెలుగు వినగానే ఆమె మొహం విచ్చుకుంది.
చెల్లదన్న మాటకి విచ్చుకున్న మొహం,
దాన్ని ఎటు చూడాలో తెలియలేదు.
"నీది యా ఊరు నాయనా?"
బాగేపల్లి పక్కన.
మా అవ్వ తిట్టింది తెలుగులోనే, ముద్దాడింది తెలుగులోనే.
గీత గీసినవాడి పెన్సిలు నాలుగు కోసులు కిందికి జారుంటే
నేనూ అవతలి మనిషినే,
నా కార్డూ చెల్లని కార్డే.

బొటనవేలు గులాబీ బటను మీదే ఉంది.
ఇన్ని సున్నాల్లో ఇంకో సున్నా కలిస్తే
ఎంత పెరుగుతుంది?
ఆమె నా వేలు చూసింది.
"వద్దులే. నీ కొలువు పోతే ఆ పాపం నాకెందుకు. కోయి."
కొంగు ముడి విప్పింది. ఇరవై నాలుగు.
ఒక బిళ్ళకి సిమెంటు గడ్డకట్టి
బొమ్మేదో బొరుసేదో కనపడలేదు.

బండి ఇంకా కదల్లేదు.
ఆమె ఆ గోడ మీది పెద్దక్షరాల కేసి చూస్తూ
కూడబలుక్కుంది, బడి మానేసిన ఏట ఆగిపోయిన గొంతుతో:
"సర్కారద... కెలస... దేవర... కెలస."
కన్నడం చదవడం ఎప్పుడు నేర్చినావక్కా?
"నేర్చేదేముంది, మన అక్షరాలే కదా.
తలకట్టొకటి అడ్డంగా పెట్టుకున్నారు, అంతే."
కాసేపాగి, గార్మెంట్సు పిల్లతో అంది:
"కెలసమంటే పనే కదమ్మా?
దేవుడి పనికి దినకూలి ఎంతిస్తారో!"
పెద్దాయన కూడా నవ్వాడు, నవ్వి దగ్గుగా మార్చుకున్నాడు.

మంత్రి లోపలికి పోయాడు. మేం ముందుకి పోయాం.

రాత్రి డిపోలో లెక్క అప్పజెప్పాను.
సున్నాలు నాలుగు వందల పన్నెండు.
వాటి డబ్బు సర్కారు కడుతుందంట, వాదన తేలాక, ఎప్పుడో.
క్యాషియరు ఆ బిళ్ళని గోటితో గీకి
వెలుతుర్లో పెట్టి చూశాడు.
"ఇది చెల్లుతుందా?"

చెల్లుతుంది అన్నాను,
అవసరమైనదానికన్నా గట్టిగా.