లోపలా, బయటా

నిచ్చెనకు బల్ల కట్టి నన్ను పైన కూర్చోబెడతారు.
ఆ ఎత్తు నించి చూస్తే
కొండపి పొగాకు బ్యారన్లు కనపడతాయి,
వాటి వెనక గోడకానుకొని
గ్లాసులు పంచుకునే చేతులూ కనపడతాయి.
వాలీబాల్ అంపైరంటే
బంతిని మాత్రమే చూడాలి.
చూస్తానే ఉండాను ఇరవై రెండేళ్లుగా.

నిన్న రాత్రి మీటింగు.
గ్రేడింగు షెడ్డులో, బేళ్ల మీద కూర్చొని
ఒక్కటే మాట:
ఈ ఏడు పోటీల కాడ మందు ఉండాలా, వద్దా.

దానమ్మ ముందు లేచింది.
"పోయినేడు నా మజ్జిగ కుండ మీద పడి తన్నుకున్నారు,
కుండ డబ్బులు ఇంకా ఇయ్యలా."
అందరూ నవ్వారు.
ఆమె నవ్వలేదు.
"మా అమ్మోళ్లు సారా ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తొక్కిన నాడు
నాకు ఏడేళ్లు. నేనూ తొక్కాను, చెప్పుల్లేకుండా.
వారం దాకా పాదాలు కంపు కొట్టినాయి."

ఖాజావలి కమిటీ లెక్క చదివాడు.
కప్పు ఇచ్చింది బెల్టుషాపు తిరుపాలు.
నెట్టు, తిరుపాలు.
లైట్లకు జనరేటరు, డీజిలుతో సహా, తిరుపాలు.
"ఆయన్ని కాదంటే
చీకట్లో తాడు కట్టుకొని ఆడాలబ్బాయ్."
తిరుపాలు ఓ చివర కూర్చొని
పొగాకు ఈనె విరుస్తా ఉండాడు, ఏమీ అనలా.

అప్పుడు మాల్యాద్రి చెయ్యి లేపాడు.
ఆ చెయ్యి ఊరందరికీ తెలుసు.
బంతి ఆ వేళ్ల మీద వాలి
పిచ్చుక లేచినట్టు లేచేది.
మూడేళ్ల కిందట సెమీఫైనల్లో
వాడు డైవు కొట్టిన చోట క్వార్టరు సీసా పెంకు.
రెండు వేళ్లు ఇప్పటికీ మడవలేడు.
వీడు వద్దంటే ఇక వద్దే అని
షెడ్డంతా ఊపిరి బిగబట్టింది.
వాడు అన్నాడు గదా:
"మా నాయన కూలి నించి వచ్చి
రెండు గుక్కలేసుకొని చూసేవాడు నా ఆట.
తాగినప్పుడే నా పేరు పెట్టి అరిచేవాడు.
తాగనప్పుడు మా నాయనకు నోరే లేదు.
సీసా వద్దనండి.
ఆ మనిషిని వద్దనబాకండి."

ఎవరికీ ఏమనాలో తెలీలా.
చేతులెత్తమన్నాడు ఖాజావలి.
వద్దని పదిహేడు. ఉండనీమని పదిహేడు.
అందరూ నా వైపు తిరిగారు.

బంతి గీత మీద పడిందా, అవతల పడిందా
రెప్పపాటులో చెప్తాను నేను.
నిన్న చెయ్యి లేవలా.
ఎందుకంటే
పోయినేడు ఫైనలు, ఆఖరి సెట్టు, పద్నాలుగు పదమూడు,
విజిలు ఊదిన నోట్లో లవంగం ఉంది.
లవంగం కింద వాసన ఉంది.
బంతి బయట అన్నాను.
జరుగుమల్లి పిల్లలు నా వంక ఒకసారి చూసి,
అంపైరు గదా అని,
మారు మాట్లాడకుండా ఆటో ఎక్కారు.
లోపలే పడిందేమో.
కళ్లు మూస్తే ఇప్పటికీ
ముగ్గుపిండి కొంచెం పైకి లేచినట్టే ఉంటది.

"రేపు చెప్తాను" అని లేచొచ్చాను.

తెల్లారుజామున కోర్టు గీయను పోయాను.
ముందు పెంకులు ఏరతాను, మూడేళ్లుగా అదే అలవాటు.
ఇయ్యాల తొమ్మిది దొరికినాయి, ఒకటి పచ్చది.
గీతలు అయిపోయినాయి.
డబ్బాలో ఇంకా పిండి మిగిలింది.
దానమ్మ కుండ పెట్టే చోటు దాటి
బ్యారను గోడ దాకా పోయి
ఇంకో గీత గీశాను చుట్టూతా,
కొలత లేకుండా, వంకరటింకరగా,
ఏ రూలు పుస్తకంలోనూ లేని గీత.
సీసా దానికి అవతల. మనిషి ఇవతల.
ఒప్పుకుంటారో లేదో.
జేబులో లవంగాలుంటే అవతల పారబోసి
నిచ్చెనెక్కి కూర్చున్నాను.

జనరేటరు బండి వచ్చింది.
తిరుపాలు దిగలా.
ముందు చక్రం సరిగ్గా గీత మీద ఆగింది.
మా ఆటలో
గీత మీద పడితే లోపలే.
విజిలు నోట్లో పెట్టుకొని
చూస్తా ఉండాను.