బొటనవేలు గోరు

గద్వాల దవఖానల డాక్టరమ్మ
కాగితం ముందటేస్కొని అడుగుతున్నది.
ఇంట్ల ఎవరికన్న షుగరుందా, నరాల జబ్బుందా,
మీ నాయనకు, అమ్మకు, తోడబుట్టినోళ్లకు?
పొగాకు నముల్తవా?
చేతులు ఎన్నాళ్ల సంది వణుకుతున్నయి?

ఎన్నాళ్లని చెప్పాలె నేను.
చాయ గిలాస సాసర్ల చప్పుడైన దినం సందా?
సూదిల దారం ఎక్కని దినం సందా?
లేకుంటే ఎనిమిదేండ్ల పిల్లనప్పుడు
కుడి బొటనవేలు గోరు కత్తిరియ్యొద్దని
నాయన చెప్పిన దినం సందా?

ఆ గోరు నాది గాదు.
ఆర్గనైజరు కాడ తెచ్చిన మూడువేల అడ్వాన్సుది.
పొడుగుండాలె, మొన తేలి ఉండాలె.
పొద్దుగూకంగ సీడుపత్తి మొగ్గను గోరుతోని గీరి
రెక్కలు ఒలిచి, పుప్పొడి గింజలు రాల్చి,
నడిమి కాడ మాత్రం తెగకుంట
ఎర్రకాగితం ముక్క గుర్తు పెట్టాలె.
తెల్లారి మగపువ్వు తెచ్చి రుద్దాలె.
క్రాసింగు అంటుండె దాన్ని.
పిల్లల ఎత్తుకు పత్తిచెట్టు సరిగ్గ సరిపోతది,
నడుం వంగే పనే లేదు అంటుండిరి,
మాకోసమే దేవుడు చెట్టును కురచగ చేసినట్టు.

మందు కొట్టిన చేన్ల ఆరకముందే దిగుతుంటిమి.
ఆ వాసన మొదట్ల తలకాయకెక్కింది,
తర్వాత రొట్టెకెక్కింది,
ఇంకొన్నాళ్లకు
వాసనే లేదు.

సవారక్క నాకంటె నాలుగేండ్లు పెద్ద.
అక్క గాదు, చుట్టం గూడ గాదు.
గట్టు నుంచి పోయే ఆటోల పన్నెండు మందిమి,
జాగ లేక నన్ను ఒడిల కూసోబెట్టుకున్నది. అంతే.
పగటీలి రొట్టెమూట ఇప్పంగనే
నా మణికట్టు పట్టుకొని బోరుకాడికి గుంజుకపోతుండె.
ఇసుకతోని తోమి, గోరు సందుల పుల్ల పెట్టి గీకి
పసుపుపచ్చ పోయి నెత్తుటి ఎరుపు తేలేదాక వదలకపోతుండె.
"రొట్టె తింటవా మందు తింటవానే పిల్లా!"
సుర్రుమని మండి నేను ఏడుస్తుంటి.
గంతల్నే మేస్త్రి కేకేస్తుండె.
రెండు తుంచలు నోట్ల కుక్కుకొని
సాలుల వడి ఉరుకుతుండె సవారక్క
తన చేతులు కడుక్కోకుంటనే.

ఇంటికాడ మాటలు లేకుండె. లెక్కలుండె.
నన్ను పేరు పెట్టి పిలిచే గొంతు
నాకు పత్తిచేన్లనే దొరికింది.
విషమున్న కాడనే అది గూడ ఉండెనని
ఏ డాక్టరుకు ఎట్ల చెప్పేది?

"చిన్నప్పుడు పెద్ద జబ్బేమన్న చేసిందా?"
చేయలేదన్న.
ఆరేండ్లు చేన్ల నిలబడుడు జబ్బని
ఎవరూ చెప్పలే.
డాక్టరమ్మ మంచిదే. వయసు చిన్నది.
"దీనితోనే వచ్చిందని ఖాయంగ చెప్పలేమమ్మా" అన్నది,
మూలకున్న నల్లకాడికి పోయి
వేలు వేలు సందు తోముకుంట
నిమ్మళంగ చేతులు కడుక్కున్నది.
నేను కండ్లార్పకుంట చూసిన.

మా బిడ్డ ఇంటరు చదువుతది.
గోర్లు పెంచి నీలం రంగేస్కున్నది.
మొన్న రాత్రి అది నిద్రపోంగ
కుడి బొటనవేలుది ఒక్కటే కత్తిరించిన,
వణుకుతున్న చేతులతోని, శానాసేపు పట్టింది.
తెల్లారి ఒకటే లొల్లి, ఎందుకు ఎందుకని.
కారటు వండుకుంట, ఇరిగి ఉంటదిలే అన్న.

దవఖాన బయట జామపండ్ల బండికాడ నిలబడి
రాయచూరుకు ఫోన్ చేసిన.
శానాసేపు మోగి మోగి ఎత్తిండ్రు.
"తిన్నవానే పిల్లా?"
"తిన్న."
"చేతులు కడుక్కున్నవా?"
"కడుక్కున్న అక్కా. నువ్వో?"

ఇన్నేండ్లల్ల ఆ మాట నేను అడిగింది ఇయ్యాల్నే.
అవతల సప్పుడు లేదు.
ఆనక కోడలి గొంతు, ఫోను తనే పట్టుకున్నట్టుంది,
"అత్తకు నేనే కలిపి తినిపిస్తున్న పెద్దమ్మా."