ఊదండి

డాండెనాంగ్ క్లినిక్కులో
గొట్టం అందించి అంటాను:
"ఊదండి... ఊదండి... ఇంకా, ఇంకా..."
ఖాదిమ్ హుస్సేన్, ముప్పై నాలుగేళ్ళవాడు,
తెరమీద డెబ్బై ఏళ్ళ గీత గీస్తాడు.

తొమ్మిదేళ్ళు వంటగట్ల రాయి కోశాడు.
నీళ్ళు పోస్తూ కోస్తే ఆలస్యమట,
పొడిగానే కానిమ్మన్నాడట యజమాని.
కనుబొమలమీది తెల్లదుమ్ము చూసి
కూతురు "తాతా" అని నవ్వేదట.

లోపల గడ్డకట్టిందాన్ని
కరిగించే మందు లేదు.
మిగిలింది కాపాడుకోవాలి.
అదంతా డాక్టరు చెప్పేశాడు.
ఇతను అడిగేది వేరు:
"మా తమ్ముడూ అక్కడే. రేపు తీసుకురానా?"

తీసుకురండి.
గడ్డం గీసుకుని రమ్మనండి,
మాస్కు చర్మానికి అతుక్కోవాలి.

రాత్రి
మా గట్టుమీద చపాతీకి పిండి చల్లుతూ
ఆగిపోయాను.
అంచు వెంట వేలు పెట్టి చూశాను.
ఎక్కడా
గరుకు లేదు.