ఆవ ఎప్పుడు కలిపావు

క్యాలెండరు కాగితం వెనక ఆవిడ రాసిచ్చిన
పనసపొట్టు కూర
చేదొచ్చిందని చెప్పడానికే
గిన్నెతో సహా అంబాజీపేట బస్సెక్కాను.
దారంతా మాటలు నూరుకుంటూనే ఉన్నాను
ఆవకన్నా ఘాటుగా.

మాణిక్యాంబ గారు వేలితో నాకి చూశారు.
మొహం చిట్లించలేదు, మంచినీళ్ళు అడగలేదు.
"ఆవ ఎప్పుడు కలిపావమ్మా?"
పొయ్యి మీదుండగానే.
"నూనె?"
సగమే వేశానండి, డాక్టరు వద్దన్నాడు.
"చింతపండు?"
నిమ్మకాయ పిండాను.
"ఆయ్."
అంతే అన్నారు.

నేను మార్చనిది పనస ఒక్కటే.

కాగితం అడిగి పుచ్చుకుని, పెన్సిలు వెతుక్కుని
"దించి, చల్లారాక" అని అడుగున చేర్చారు.
"రాయడం మరిచాను, తప్పు నాదే."

మూడో వరసలో
ఆ మాట ముందే ఉంది.
ఇద్దరం అటు చూడలేదు.