పొయ్యి పేరిట కార్డు

బురుల్చా ఎజే పోయిందని
కనుమ మలుపులో టైరు మారుస్తుంటే ఫోనొచ్చింది.
చేతుల నిండా గ్రీజు.
గుడ్డ కోసం వెతుక్కుంటూ అలాగే నిలబడిపోయాను.
చేతులు చూపించందే ఆమె పుస్తకం ఇచ్చేది కాదు.

గుమ్మం పక్కన ఇనప బకెట్టు, అందులో మంచు కరిగిన నీళ్లు.
ముంచు, తుడుచుకో, చూపించు.
గోళ్ల సందున గొర్రె జిడ్డు కనపడితే మళ్లీ ముంచు.
పుస్తకం కావాలన్నవాడు ముందు వణకాలి,
అదే ఆమె వసూలు చేసిన చందా.

మాది నరిన్ ఏటి ఎగువన,
అక్టోబరులోనే నోట్లో మాట గడ్డకట్టే ఊరు.
దేశం చచ్చిపోయిందన్నారు పెద్దవాళ్లు.
దాని శవాన్ని మేమెవరం చూడలేదు.
బొగ్గు లారీ రావడం మానేసింది, మాకు తెలిసింది అంతే.
టీచర్లకు జీతం బదులు పిండి బస్తా,
ఒక నెల వోడ్కా సీసాలు,
ఒక నెల అదీ లేదు.

తొంభై మూడు చలికాలం ముందు డెస్కులు మండాయి.
తర్వాత కంచె.
ఆ తర్వాత బడి కాపలాదారు ఒముర్బెక్
లైబ్రరీ గుమ్మంలో నిలబడి
టోపీ తీసి చేతుల్లో నలిపాడు.
ఏమీ అడగలేదు.

ఆమె తలుపుకు అడ్డం పడుకుందనీ
తన కుర్చీ విరిచి ఇచ్చిందనీ
ఊళ్లో ఇప్పటి పిల్లలకి చెప్తున్నారు.
అబద్ధం. ఆమె కాల్చింది.
అందించింది నేను.

కాకపోతే ప్రతి పుస్తకానికీ ముందు కార్డు రాసింది.
తేదీ. నంబరు. తీసుకున్నవారు: పొయ్యి.
సంతకం చోట ఒముర్బెక్ మసి వేలిముద్ర.
మొదట ఎర్ర అట్టల ఉపన్యాసాలు వెళ్లాయి,
అరవై ఏడు సంపుటాలు, ఒక్కటీ ఎవరూ తెరిచింది కాదు.
భగ్గున మండాయి.
"ఇన్నాళ్లకి ఒకరికి వెచ్చగా తగిలాయి" అంది.
తర్వాత ట్రాక్టరు మరమ్మతులు.
ఫిబ్రవరిలో, ఇక తప్పక, మిగతావి.

వాటిని ఊరికే పోనివ్వలేదు.
తలొకటి మా ఒళ్లో పెట్టింది.
పైకి చదవాలి, చదివిన పేజీ చింపి ఇవ్వాలి.
పొయ్యి చుట్టూ పదకొండు మందిమి.
తోక్తోసున్‌కి నత్తి. వాడి వంతు వచ్చేసరికి
మంట చిన్నబోయేది, వేళ్లు కొంకర్లు పోయేవి,
ఒక్కరం కూడా తొందరపెట్టలేదు.
నాకు దొరికింది కథైనా కాదు, తేనెటీగల పెంపకం.
మా ఊళ్లో తేనెటీగ అన్నది లేదు.
అయినా ఇవాళ నిద్రలో లేపి అడగండి,
రాణి చచ్చిన పట్టు ఎలా మూలుగుతుందో చెప్తాను.

మేలో ఒక్కొక్కరినీ పిలిచి
చదివిందంతా చెప్పించుకుంది.
పరీక్ష అనుకున్నాం, తిట్టుకున్నాం.

నిన్న ఆమె యుర్త్ బయట, కర్ర మీద వంగి,
మగవాళ్ల వరసలో గొంతెత్తి ఏడ్చాను.
లోపల ఆడవాళ్లు గోడవైపు తిరిగి శోకాలు తీస్తున్నారు.
తోక్తోసున్ బిష్కెక్ నుంచి వచ్చాడు. నత్తి పోలేదు.
వాడు మాట పూర్తి చేసేదాకా
మేమంతా మళ్లీ ఆగాం.

పొద్దుపోయాక ఆమె కూతురు ఐజమాల్
చెప్పుల పెట్టె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.
కార్డులు. అన్నీ పొయ్యి పేరు మీదే.
నాది వెతికి తీశాను.
తిరిగి ఇచ్చిన తేదీ: మే పంతొమ్మిది.
కింద ఆమె చీమల బారు రాత:
"మెదెర్ నోట అందింది. చిరుగులు లేవు.
రెండో అధ్యాయంలో ఒక వాక్యం తప్పు."

ఏ వాక్యమో రాయలేదు.

ఆ బడికి ఇప్పుడు బొగ్గు తోలేది నేనే.
ఈ ఉదయం లోడుతో కనుమ దిగుతూ
రెండో అధ్యాయం మొదటి నుంచీ పైకి చెప్పుకున్నాను.
బ్రేకుల రొదలో
సగం నాకే వినపడలేదు.