పక్కమొహం, ఎదురు కన్ను

హార్బర్‌లో బోటు డొక్కకి రెండో కోటు నీలం వేస్తున్నాను.
హిమజ సోషల్ పుస్తకం పట్టుకుని నిచ్చెన కిందకొచ్చింది.
"నాన్నా, వీళ్లకి బొమ్మలెయ్యడం రాదు.
మొహం పక్కకి, కన్ను ఎదురుగా,
భుజాలు రెండూ మనవైపు,
పాదాలు చూడు, రెండూ ఎడమవే!"

దిగి చూశాను.
ఈజిప్టు సమాధి గోడ. మూడువేల ఏళ్ల పైమాటట.
రెల్లుపడవ మీద ఒకడు, చేతిలో ఈటె.
కింద నీళ్లు, నీళ్లలో చేపలు
పొలుసులతో సహా.
ఎండ ఎటునుంచి పడుతోందో లేదు. నీడే లేదు.
గట్టు మీద నిలబడి గీసినవాడు కాదు వీడు,
వల లాగేవాడిలా
అడుగున ఏముందో తెలిసినవాడు.

ముందు ఎర్రమట్టిలో దారం ముంచి
గోడంతా గళ్లు కొట్టేవాళ్లట.
బోటు నంబరు రాసేముందు నేనూ అంతే,
జాజునీళ్లలో తాడు తడిపి, లాగి, వదుల్తాను.
టప్‌మంటుంది.
ఆ చప్పుడు వాడూ విన్నాడు.

"గీయని చెయ్యి చచ్చాక ఉండదట,
అందుకే అన్నీ కనపడేలా గీసేవారట"
అంటూ పేజీ తిప్పబోయింది.
తిప్పకు, అన్నాను.

మా అన్న పరదేశిని
కార్తీకంలో వాయుగుండం పట్టుకుపోయింది.
యారాడ కొండ మీది దీపం కనపడేంత దగ్గర్లోనే అన్నారు.
ఒడ్డుకొచ్చింది ఒక్క హవాయి చెప్పు.
ఎడమది.

మిగిలిన రెడ్ ఆక్సైడ్ డబ్బాతో
ఆ రాత్రి వదిన ఇంటి గోడ మీద గీశాను.
మొహం పక్కకి, గుమ్మం వైపు.
కన్ను ఎదురుగా, చేపంత.
భుజాలు రెండూ. వేళ్లు లెక్కపెట్టి పది.
పాదాలు రెండూ ఎడమవే,
ఆ చెప్పు ఏ కాలికైనా సరిపోతుంది.
పడవ కింద కానాగంతలు, ఒక కోనాం.
పుస్తకంలో ఉన్నట్టే వదినని
అన్న మోకాలి దగ్గర, చిన్నగా.

తెల్లారి కాసులమ్మ వదిన
చేపల గంప దించకుండానే చూసింది.
"ఏటి మరిదీ, నానేటి ఆయన మోకాలి కాడ?
ఏడేళ్లు ఈ కొంప మోసింది ఎవులు?"
నవ్వింది. నేనూ నవ్వి
ఆమెని భుజాల దాకా పెంచాను, గంపతో కలిపి.
గంప వల్ల అన్నకన్నా జానెడు ఎత్తే వచ్చింది.

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.
అన్న చేతి దగ్గరికెళ్లి వేలు చూపించింది.
"సిటికినేలెట్టీసినావు.
ఆ మరబోటు వించీ తినీసింది గదా.
అది లేని సెయ్యే నన్నట్టుకున్నాది.
తుడిసీ."

రంగింకా ఆరలేదు.
కిరసనాయిలు గుడ్డతో తుడిచాను.
వేలు పోయింది గాని
వేలంత ఎరుపు
సున్నంలోకి దిగిపోయింది.