ఎనిమిది అక్షరాల పేర్లు

గుంటూరు మిర్చి యార్డు, కమీషన్ కొట్టు.
పాత సీపీయూ మూత తీశానో లేదో
వరసన ఏడు తుమ్ములు.
ఫ్యాను రెక్కల మీద ఇరవై రెండు సీజన్ల ఘాటు.

నీలం వైరు. రెండు కొసలూ నేనే క్రింప్ చేసినవి.
ల్యాప్‌టాప్‌కీ దీనికీ పక్కపక్క నంబర్లిచ్చాను
ఒకే బల్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టినట్టు.
పింగ్ కొడితే "ఊఁ" అంటుంది ముసలిది.
తలుపు మాత్రం తియ్యదు.

ఫైర్‌వాల్ ఆపాను. వర్క్‌గ్రూప్ పేరు కలిపాను.
టీ మీద మీగడ కట్టింది.
అప్పుడు తట్టింది, పలకనిది ముసలిది కాదు.
ఆ కాలపు మాట ప్రమాదమని
కొత్తదానికి నేర్పడమే మానేశారు.
సెట్టింగుల అడుగున ఎక్కడో ఓ గడి.
టిక్కు పెట్టి, రీస్టార్ట్.

పచ్చ లైటు రెపరెపలాడింది.
బస్తాలు దిగినట్టు దిగుతున్నాయి ఫైళ్లు.
పేరుకి ఎనిమిదే అక్షరాలు ఆ రోజుల్లో:
వెంకట్~1
వెంకట్~2
వెంకట్~3

"వీళ్లెవరండీ?"
గుమాస్తా కోటిరత్నం గారు కళ్లజోడు పైకి తోశారు.
"మొదటాయనది ఫిరంగిపురం, తాలు కలపడు.
రెండో ఆయన కాటా దగ్గర కేకలేస్తాడు.
మూడో..."
కొంగుతో తెర మీది ధూళి తుడిచారు.
"అదీ వచ్చిందా?"

వచ్చిందన్నాను. పన్నెండు కేబీ.

"బాకీ కొట్టేశాంలే. మనిషే లేడు."

వైరు పీకబోయాను.
"కాసేపు ఉండనీ అబ్బాయ్."

పచ్చ లైటు కొట్టుకుంటూనే ఉంది,
ఏమీ పంపకుండా.